హట్టి గనుల్లో గాలి దారి

రాయచూరు జిల్లా లింగసూగూరు తాలూకాలోని హట్టి పేరు వినగానే బంగారం గుర్తుకు రావడం సహజం. అయితే ఆ బంగారం చరిత్రను కాస్త లోతుగా చూసినవారికి దాని వెన్నంటే నడిచిన మరో చరిత్ర కనిపిస్తుంది. అది గాలి చరిత్ర. భూమిలోకి దిగిన మనిషి ఎంత లోతున నిలబడి పని చేయగలడన్నది రాతిలో బంగారం ఎంత ఉందన్నదాని మీద ఎంతగా ఆధారపడిందో, అతని దగ్గరికి మంచి గాలి చేరే దారి, చుట్టూ పేరుకున్న వేడి, పొగ, దుమ్ము బయటికి పోయే దారి ఉన్నాయా లేవా అన్నదాని మీదా అంతగానే ఆధారపడింది. రాజుల పేర్లూ కంపెనీల పేర్లూ చరిత్ర గ్రంథాల్లో ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి గాని, ఈ గాలి దారుల మీద తెలుగులో వచ్చిన రచన చాలా తక్కువ.

హట్టి-మస్కి పట్టీగా భూవిజ్ఞానులు పిలిచే ఈ నేల ధార్వాడ శిలల తెగకు చెందినది. 250 కోట్ల ఏళ్లకు పైబడిన ఈ నల్లని గట్టి రాళ్ల మధ్య తెల్లగా సాగే స్ఫటిక శిలా పొరల్లో, అంటే గనివారు రీఫ్ అని పిలిచే పొరల్లో, బంగారం ఉంటుంది. ఈ రీఫులు నేలకు దాదాపు నిలువుగా, ఒకదాని పక్కన ఒకటిగా దిగిపోతాయి. ప్రాచీనులు వీటిని పైనుంచి వెంబడిస్తూ ఇరుకైన చీలికల్లాంటి గోతులు తవ్వుకుంటూ దిగారు. ఆ పాత పనులు హట్టిలో 640 అడుగుల లోతు వరకూ, అంటే సుమారు 195 మీటర్ల వరకూ చేరాయని ఆధునిక గని ఇంజనీర్లు కనుగొన్నారు. ప్రాచీన గనుల్లో ఇంత లోతైనవి ప్రపంచంలోనే అరుదు. వాటిలో దొరికిన కలపను రేడియో కార్బన్ పద్ధతిలో పరీక్షించినప్పుడు అది దాదాపు రెండు వేల ఏళ్ల నాటిదని తేలింది. హట్టికి చేరువలోని మస్కిలో అశోకుని పేరును స్పష్టంగా చెప్పే శాసనాన్ని 1915లో వెలుగులోకి తెచ్చినవాడు సి. బీడన్, ఆయన నిజాం ప్రభుత్వం తరఫున బంగారం కోసం వెదుకుతున్న గని ఇంజనీరు. మౌర్య చరిత్రకు అంతటి ముఖ్యమైన ఆధారం బంగారు వేట వల్ల బయటపడిందన్న సంగతి ఈ ప్రాంతపు ప్రాచీనతను గుర్తు చేస్తుంది.

ఇనుప ఉలి, సుత్తి తప్ప మరేమీ లేని రోజుల్లో అంత గట్టి రాతిని పగలగొట్టడానికి ప్రాచీనులు నిప్పును ఆశ్రయించారు. రాతి ముఖానికి ఆనించి కట్టెలు పేర్చి మంట పెట్టి, రాయి బాగా కాగిన తరువాత చల్లార్చితే అది పగుళ్లు తీస్తుంది. ఆ పగుళ్లలో ఉలి దిగుతుంది. దక్షిణ భారతపు పాత బంగారు గనులను 1930లలో పరిశీలించిన లియొనార్డ్ మన్, 1962లో వాటి ప్రాచీనతపై వ్యాసం రాసిన ఎఫ్. ఆర్. ఆల్చిన్ ఈ పద్ధతిని చర్చించారు. కాని ఇరుకు గోతిలో పెట్టిన మంట రాతినే కాక గాలిని కూడా తినేస్తుంది. పొగ పైకి పోవాలి, దాని స్థానంలోకి మరో వైపు నుంచి చల్లని గాలి దిగాలి. లేకపోతే మర్నాడు ఆ గోతిలోకి మనిషి దిగలేడు. రీఫు వెంట పొడుగునా నేల మీద పలుచోట్ల నోళ్లు తెరిచి ఉండడం వల్ల ఒక నోటి నుంచి వేడి గాలి లేస్తుంటే మరో నోటి నుంచి చల్లని గాలి దిగే వీలు వారికి కలిగి ఉంటుందని, పని గంటలను సూర్యుని కంటే పొగే ఎక్కువగా నిర్ణయించి ఉంటుందని ఊహించడం తప్పు కాదు. 640 అడుగుల దగ్గర ఆ పని ఆగిపోవడానికి ఊట నీరు ఎంత కారణమో ఊపిరాడకపోవడమూ అంతే కారణమై ఉండాలి.

వేడి గాలి తేలికై లేస్తుంది, చల్లని గాలి బరువై దిగుతుంది. ఏ యంత్రమూ లేకుండా కేవలం ఈ బరువు తేడా వల్ల గనిలో ఆడే గాలిని సహజ వాయు ప్రసరణ అంటారు. దాని బలహీనత రాయచూరు వంటి చోట మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చలికాలం తెల్లవారుజామున బయటి గాలి గని లోపలి గాలి కంటే చల్లగా ఉంటుంది కనుక ప్రసరణ చురుగ్గా సాగుతుంది. నడి వేసవిలో బయట 40 డిగ్రీలు దాటినప్పుడు లోపలి గాలే చల్లగా, బరువుగా ఉండి, ప్రసరణ మందగించడమో, ఆగిపోవడమో, దిశ మారడమో జరుగుతుంది. గాలి ఎక్కువగా కావలసిన కాలంలోనే అది చెయ్యిస్తుంది. ఈ కష్టం హట్టిది మాత్రమే కాదు. గనుల విద్య మీద అగ్రికోలా రాయగా 1556లో అచ్చయిన గ్రంథంలో, నిప్పుతో రాతిని పగలగొట్టే పద్ధతితో పాటు, గనిలోకి గాలి పంపడానికి ఐరోపావారు వాడిన తిత్తులు, గాలిని ఒడిసిపట్టే తొట్లు, తిప్పే పంకాలు, చివరికి నార గుడ్డలను విసరడం కూడా బొమ్మలతో సహా వివరించి ఉంది.

హట్టిలో ఆధునిక తవ్వకం నిజాం రాజ్యంలో మొదలైంది. 1886లో రాజ్యమంతటా ఖనిజాల మీద హక్కు సంపాదించిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఒకవైపు ఇల్లెందు బొగ్గు మీద, మరోవైపు రాయచూరు దోఆబ్ బంగారం మీద కన్నేసింది. తెలుగువారికి చిరపరిచితమైన సింగరేణి చరిత్రా, హట్టి చరిత్రా ఆ విధంగా ఒకే మొదలు నుంచి వచ్చిన రెండు కొమ్మలు. ఇరవయ్యో శతాబ్దపు తొలి రెండు దశాబ్దాల్లో ఇక్కడ పని చేసిన బ్రిటిష్ కంపెనీ 1920 నాటికి గనిని మూసేసింది. తరువాత 1947లో నిజాం ప్రభుత్వ హయాంలో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ కంపెనీ ఏర్పడింది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరగా, కంపెనీ ఆపైన హట్టి గోల్డ్ మైన్స్ అయింది.

సింగరేణి పోలిక ఇక్కడ మరోలా కూడా పనికివస్తుంది. బొగ్గు బాయిలో మీథేన్ వాయువు పేరుకుంటే ఒక్క నిప్పురవ్వతో పేలుడు జరుగుతుంది కనుక అక్కడ గాలి ఏర్పాటును ఎవరూ వాయిదా వేయలేకపోయారు. బంగారు గనిలో ఆ భయం సాధారణంగా ఉండదు. ఉన్నదల్లా వేడి, మందుగుండు పేలిన తరువాత నిలిచే విషవాయువులు, ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ల తరబడి మనిషిని తినే సిలికా దుమ్ము. వెంటనే చంపే ప్రమాదానికి విరుగుడు త్వరగా వచ్చింది, నెమ్మదిగా చంపే ప్రమాదానికి చాలా ఆలస్యంగా వచ్చింది. డ్రిల్లు మొనకు నీళ్లు పోస్తూ రంధ్రం వేసే తడి డ్రిల్లింగు దుమ్మును అణిచింది గాని, ఆ నీరే గాలిలో తేమను పెంచి వేడి బాధను మరో రూపంలో తెచ్చింది.

తేమ సంగతి అర్థం కావాలంటే మట్టి కుండను తలచుకుంటే చాలు. కుండ గోడల నుంచి ఊరిన తడి ఆవిరవుతూ లోపలి నీటి వేడిని లాక్కుపోతుంది. బయటి గాలి పొడిగా ఉంటే నీళ్లు జివ్వుమంటాయి, ముసురు రోజుల్లో అంతగా చల్లబడవు. చెమట పట్టిన మనిషి ఒళ్లు కూడా అలాంటి కుండే. అందుకే గనిలో మామూలు ఉష్ణోగ్రత కంటే తడిబల్బు ఉష్ణోగ్రతను, అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే అంకెను, ముఖ్యంగా చూస్తారు. దాన్ని కొలిచే పరికరం పిల్లల గిలకను పోలి ఉంటుంది: ఒక చట్రంలో రెండు థర్మామీటర్లు పక్కపక్కన, ఒకదాని బల్బుకు తడిపిన గుడ్డ తొడుగు, కింద పిడి. పిడి పట్టుకుని దాన్ని గిరగిరా తిప్పి, ఆపీ ఆపగానే తడిబల్బు అంకెను ముందు చదువుకోవాలి. ఆలస్యమైతే ఒంటి వేడికి, ఊపిరి వేడికి అంకె పైకి పాకుతుంది. రెండు అంకెల మధ్య తేడా బాగా ఉంటే గాలి ఇంకా చెమటను ఆరబెట్టగలదని, తేడా లేకపోతే ఆ చోట మనిషి ఎక్కువసేపు నిలవకూడదని అర్థం. తడిబల్బు 33 డిగ్రీల ప్రాంతానికి వస్తే మనిషి శక్తి దాదాపు సగానికి పడిపోతుందని గనివారు అనుభవంతో ఎరుగుదురు. అంతకు ముందే సెకనుకు ఒక మీటరు వేగంతోనైనా గాలి ఆడేలా చూడడం అవసరం.

లోతుకు పోయినకొద్దీ వేడి రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకటి రాతి వేడి. ధార్వాడ శిలలు పురాతనమైనవి కనుక వాటి వేడి ఇతర ప్రాంతాల కంటే నెమ్మదిగానే పెరుగుతుంది. అయినా 3 కిలోమీటర్లు దాటిన కోలారు బంగారు గనుల అడుగున రాతి ఉష్ణోగ్రత 60 డిగ్రీలు మించింది. రెండోది చాలామంది గమనించనిది: షాఫ్టులో, అంటే నిలువు బావిలో, దిగే గాలి తన బరువుకు తానే నొక్కుకుని ప్రతి 100 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. సైకిలు పంపు మొదలు వేడెక్కినట్టే ఇదీ. బావి గోడల తడి ఆరడం, రాత్రి చల్లబడిన రాయి పగటి వేడిని కొంత పీల్చుకోవడం ఈ పెరుగుదలను తగ్గిస్తాయి. కోలారు వంటి లోతుల్లో గాలి ఒక్కటే చాలదు, శీతలీకరణ యంత్రాలు కావాలి. బ్రెజిల్‌లోని మొర్రో వెల్హో గని 1920 ప్రాంతంలోనే ఆ దారి పట్టింది. దాదాపు కిలోమీటరు లోతుకు మాత్రమే దిగిన హట్టిలో భారమంతా గాలి దారి మీదే ఉంది.

ఆ దారిని గీయడమే అసలు విద్య. ఒక షాఫ్టు నుంచి గాలి దిగుతుంది, దాన్ని ఇన్‌టేక్ అంటారు. పని చోట్లన్నీ తిరిగి, వేడీ పొగా మోసుకుని మరో షాఫ్టు నుంచి ఫ్యాను లాగగా పైకి వస్తుంది, అది రిటర్న్. సింగరేణి బాయిల్లో పనిచేసినవారికి ఇవి నోటి మాటలే. ఈ రెండింటి మధ్య ఒక తలుపు తెరిచి మరిచిపోతే, గాలి కష్టమైన దూరపు దారి వదిలి దగ్గరి దారిన నేరుగా రిటర్న్‌లోకి పోతుంది. పైన ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటుంది, కింద రాయి తవ్వేవాడికి మాత్రం ఆకు కూడా కదలదు. ముడిరాయి తీసేసిన ఖాళీలను మిల్లు నుంచి వచ్చిన వ్యర్థంతో నింపడం పైకప్పు కూలకుండా కాపాడడమే కాక, గాలి అనవసరపు గుహల్లోకి చెదిరిపోకుండా కూడా కాపాడుతుంది. 1854లో ఇంగ్లండుకు చెందిన జాన్ అట్కిన్సన్ ఈ విద్యకు లెక్క కట్టాడు: ఒకే దారిలో గాలి పరిమాణాన్ని రెట్టింపు చేయాలంటే ఒత్తిడి నాలుగు రెట్లు, దానికి పట్టే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. ఫ్యాను పెంచడం ఖరీదైన పని, దారిని వెడల్పు చేసి మూలలు నునుపు చేయడం చవకైన పని అన్నది ఆ లెక్కలోని సారం.

అదే లెక్క నేడు ఇంట్లో బల్ల కింద ఉండే డెస్క్‌టాప్ పెట్టెలోనూ పనిచేస్తుంది. తయారీదారు నిర్ణయించిన వేగం కంటే ప్రాసెసర్‌ను ఎక్కువ వేగంతో నడపడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. దానిలో పుట్టే వేడి వేగంతో పాటు, వోల్టేజీ వర్గంతో పాటు పెరుగుతుంది కనుక, వేగాన్ని 10 శాతం, వోల్టేజీని 10 శాతం పెంచితే వేడి సుమారు 33 శాతం పెరుగుతుంది. చాలామంది యువకులు అప్పుడు మరో రెండు ఫ్యాన్లు కొని బిగిస్తారు, లేదా ఉన్నవాటిని గుయ్యిమనేలా తిప్పుతారు. గని ఇంజనీరు ముందుగా అడిగేది వేరు: గాలి ఎటు నుంచి వస్తోంది, ఎటు పోతోంది, మధ్యలో ఏది అడ్డు? ముందు వైపు జాలీకి పట్టిన దుమ్ము, అడ్డదిడ్డంగా వేలాడే తీగలు, గోడకు ఆనుకుపోయిన వెనుక వైపు, బయటికి పోయిన వేడి గాలి తిరిగి లోపలికే రావడం, ఇవన్నీ గనిలో మరిచిపోయిన తలుపుల వంటివే. వెలిగించిన అగరుబత్తిని పెట్టె ముందూ వెనుకా నెమ్మదిగా తిప్పితే పొగ ఎటు వంగుతుందో కంటికే తెలుస్తుంది; గనుల్లో గాలి పోకడ చూడడానికి నేటికీ పొగ వదిలే చిన్న గొట్టాలు వాడతారు. ఇక తడి ప్రమేయం లేకుండా కేవలం గాలితో చల్లార్చే ఏ ఏర్పాటైనా బయటి గాలి కంటే చల్లగా ఏ వస్తువునూ చేయలేదు. మే నెల మధ్యాహ్నం రాయచూరు జిల్లాలో 42 డిగ్రీల గదిలో ఉన్న పెట్టెకూ, నడి వేసవి గాలిని పీల్చే షాఫ్టుకూ ఉన్న హద్దు ఇదే. అలాంటి వేళల్లో ఓవర్‌క్లాక్‌ను తగ్గించుకోవడమే తెలివి.

కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. పంపులూ ఫ్యాన్లూ ఆగిన తరువాత ఆ లోతులన్నీ నీట మునిగాయి. హట్టి ఇంకా నడుస్తోంది, నడిచే గని తన పాతదనాన్ని తానే తవ్వుకుంటూ పోతుంది. రెండు వేల ఏళ్ల కిందటి గోతుల నోళ్లు, వాటిలో పొగ తిరిగిన దారులు, ఇరవయ్యో శతాబ్దపు షాఫ్టుల గాలి పటాలు చెదిరిపోక ముందే వాటిని కొలిచి, గీసి, భద్రపరచాలి. నిజాం కాలపు దస్త్రాలు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పత్రాగారంలో ఉన్నాయి. గనుల మీద, శ్రమ మీద ఆసక్తి ఉన్న తెలుగు, కన్నడ పరిశోధకులు కలిసి ఆ దస్త్రాలతో మొదలుపెట్టి, హట్టికి వెళ్లి ఈ పని చేపట్టాలి.