తాతయ్య యుద్ధం, అమ్మమ్మ ఉత్తరాలు

మా తాతయ్య రెండో ప్రపంచయుద్ధంలో మిలటరీ లారీ డ్రైవరు. 1944లో దిమాపూర్ నుంచి ఇంఫాల్ కొండదారిలో బియ్యం, పెట్రోలు, మందుగుండు మోశాడు. తుపాకి ఇచ్చారు గానీ దాన్ని పేల్చిన సంగతి ఎప్పుడూ చెప్పలేదు. బర్మా స్టార్ పతకం ఇప్పుడు నా దగ్గరుంది.

ఆయన్ని గౌరవించాలనే ఉంది నాకు. ఏమని అన్నదే చిక్కు. దేశం కోసం పోరాడాడందామంటే ఆ సైన్యం మనల్ని ఏలినవాళ్లది. తెల్లవాళ్లకి ఊడిగం చేశాడనడం అన్యాయం. ఆ యుద్ధంలో ఇండియన్ ఆర్మీ 25 లక్షలకి చేరింది. నిర్బంధంగా చేర్చుకున్న సైన్యం కాదు నిజమే. కానీ ఆకలి చేసేది నిర్బంధం కాదా? 'యోధజాతుల' సిద్ధాంతం పేరుతో మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్లని దశాబ్దాలపాటు పక్కన పెట్టిన ప్రభుత్వమే, మనుషులు చాలక మన ఊళ్లకొచ్చింది. సెంటు భూమి లేని తాతయ్య జీతం కోసం వెళ్లాడు. దానికి వీరత్వం పులమడం నాకిష్టం లేదు.

1944 మార్చిలో జపాన్ సైన్యం కోహిమా దారిని తెగ్గొట్టింది. జూన్ 22న గానీ అది మళ్లీ తెరుచుకోలేదు. జపాన్ సైన్యంతో పాటు ఆజాద్ హింద్ ఫౌజ్ కూడా ఉంది. అంటే రెండు వైపులా మనవాళ్లే. అంతకుముందు 1943 అక్టోబరులో సింగపూర్‌లో ఝాన్సీరాణి రెజిమెంటు శిక్షణ మొదలైంది. కెప్టెన్ లక్ష్మి నాయకత్వంలో చేరినవాళ్లలో చాలామంది మలయా రబ్బరు తోటల తమిళ కూలీల ఆడపిల్లలు. వాళ్లలో కొందరు 1944లో బర్మాలోని మేమియో దాకా వచ్చారు. ఇంఫాల్ ముట్టడి విఫలమవడంతో యుద్ధరంగానికి చేరకుండానే వెనక్కి మళ్లాల్సి వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక చూడని దేశం కోసం తుపాకి పట్టిన ఆ అమ్మాయిలు కొండలకి అటువైపు, కూటికోసం చేరిన మా తాతయ్య ఇటువైపు. ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమంటే నావల్ల కాదు.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివాకే అమ్మమ్మని కూర్చోబెట్టి అడగాలనిపించింది. అప్పటిదాకా మా ఇంట్లో యుద్ధం అంటే తాతయ్యదే. ఆమె చెప్పిన యుద్ధం వేరు. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద బాంబులు పడ్డాయని విని జనం మూటలు కట్టుకోవడం, రంగూన్ బియ్యం ఆగిపోయి ధరలు పెరగడం, కిరసనాయిలు దొరక్క పొద్దుగూకకముందే వండుకుని తినేయడం. మనియార్డరు మామగారి పేరున వచ్చేది. భర్త జీతంలో దమ్మిడీ ఆమె చేతికందలేదు. ఊడుపులకీ కోతలకీ వెళ్లి పిల్లని సాకింది. ఆ పిల్ల మా అమ్మ.

ఉత్తరాల సంగతి మరీ అన్యాయం. అక్కడ సెన్సారు అధికారి చదివేవాడు. ఇక్కడ, అమ్మమ్మకి చదువు రాదు కనుక, పోస్టుమాన్ అరుగుమీద నిలబడి చదివేవాడు. మామగారూ, ఇరుగుపొరుగూ వినేవాళ్లు. "నాకు రాసిన ఉత్తరం ఊరంతా విన్నాక నాకేం మిగులుద్దే?" అంది. జవాబు రాయించాలన్నా అందరి ముందే. పాతికేళ్లు నిండని పిల్ల "క్షేమం" అన్న మాట తప్ప ఇంకేం చెప్పించగలదు? సెన్సారు గురించి చరిత్రకారులు చాలా రాశారు. ఈ రెండో సెన్సారు కూడా చరిత్రే.

తాతయ్య 1946లో తిరిగొచ్చాడు. పింఛనుకి 15 ఏళ్ల సర్వీసు కావాలి, ఆయనకి నాలుగేళ్లే ఉంది. 1972లో స్వాతంత్ర్య సమరయోధులకి పింఛను పథకం, తామ్రపత్రాలు వచ్చాయి. ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్లకి అందులో చోటుంది, సరైనదే. తాతయ్య ఆ జాబితాలో లేడు, అడగనూ లేదు. వానాకాలం రాత్రుళ్లు ఉలిక్కిపడి లేచి "బ్రేకు, బ్రేకు" అని అరిచేవాడట. అమ్మమ్మ లేచి వీపు రాసి పడుకోబెట్టేది. చచ్చేదాకా ఆ పని ఆమెదే.

ఆయన ఏ నెలలో వచ్చాడని అడిగితే "నాట్లప్పుడు" అంది. ఆయన లేని రోజుల్లో చేసిన బాకీ తీర్చి ప్రాంసరీ నోటు చించిన రోజు మాత్రం వారంతో సహా చెప్పింది, శుక్రవారమని.