పంచాయతీ దాకా వచ్చిన ఇంటర్నెట్ తీగ దవాఖానా దాకా వస్తుందా?

2025 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఒక మాట చెప్పారు. ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపుల హడావుడిలో అది చాలామంది చెవిన పడలేదు. పల్లెల్లోని ప్రభుత్వ హైస్కూళ్లకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలన్నిటికీ (మనం పీహెచ్‌సీ అంటాం) భారత్‌నెట్ కింద బ్రాడ్‌బ్యాండ్ ఇస్తామన్నారు. అంటే దవాఖానా గోడ దాకా ఫైబర్ తీగ రావాలి.

భారత్‌నెట్ కొత్తదేం కాదు. 2011 అక్టోబర్‌లో అప్పటి కేంద్ర కేబినెట్ 'నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్' పేరుతో దీనికి ఓకే చెప్పింది. సుమారు 2.5 లక్షల పంచాయతీలకు 100 ఎంబీపీఎస్ కనెక్షన్, ఖర్చు 20 వేల కోట్లు, గడువు రెండేళ్లు అనుకున్నారు. రెండేళ్లలో అవ్వలేదు. 2015లో పేరు భారత్‌నెట్‌గా మారింది. లక్ష పంచాయతీల మొదటి దశ పూర్తయ్యేసరికి 2017 డిసెంబర్ వచ్చింది. ఇప్పుడు 2 లక్షలకు పైగా పంచాయతీల్లో సర్వీస్ రెడీ అని కేంద్రం లెక్క చెబుతోంది.

ఈ డబ్బు ఎక్కడిది? కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. టెలికాం కంపెనీలు తమ ఆదాయంలో 5 శాతం ఒక ఫండ్‌కి కడతాయి. పాత పేరు యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్, కొత్త పేరు డిజిటల్ భారత్ నిధి. కంపెనీల ఆదాయం అంటే మనం చేసే రీచార్జే కదా. కాబట్టి పల్లె దవాఖానాలో నెట్ రాకపోతే అడిగే హక్కు ఆ ఊరి జనానికి ఉంది.

తీగ పంచాయతీ ఆఫీసు దాకా వచ్చాక ఆగిపోవడమే అసలు చిక్కు. ఆరోగ్య కేంద్రం అక్కడి నుంచి అర కిలోమీటరో, రెండు కిలోమీటర్లో ఉంటుంది. ఆ చివరి ముక్క ఎవరు వేయాలి, నెలనెలా బిల్లు ఎవరు కట్టాలి, ఎలుక కొరికితే ఎవరు బాగుచేయాలి అన్న దగ్గరే పని నిలిచిపోతుంది. ఇంకో లోపం మొదటి దశ డిజైన్‌లోనే ఉంది. తీగని మండలం నుంచి ఊళ్లకు తోరణంలా ఒకే వరుసలో లాగారు. రోడ్డు పనుల జేసీబీ ఒకచోట తెంపితే దాని తర్వాతి ఊళ్లన్నీ కట్. 2023 ఆగస్టులో ఆమోదించిన సవరించిన పథకంలో దీన్ని రింగ్‌గా మారుస్తున్నారు. గాజు లాగా గుండ్రంగా అన్నమాట. ఒకవైపు తెగితే సిగ్నల్ రెండోవైపు నుంచి తిరిగొస్తుంది. దీనికి పెట్టిన మొత్తం 1,39,579 కోట్లు, పదేళ్ల మెయింటెనెన్స్ కూడా అందులోనే. తీగ వేయడం కన్నా దాన్ని బతికించడమే పెద్ద పని అని ఆలస్యంగానైనా అర్థమైంది.

ఆంధ్రాలో ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా తీగలు లాగింది. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల పైపుల కాలువల్లోనే టీ-ఫైబర్ గొట్టాలు వేశారు.

ఇంత తీగ దవాఖానాకి ఎందుకు, ఫోన్‌లో 4జీ ఉంది కదా అంటారు. లెక్క వేసి చూద్దాం. ఒక ఎక్స్‌రే ఫైలు 20 ఎంబీ అనుకోండి. 2 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద అది వెళ్లడానికి 80 సెకన్లు, 100 మీద రెండు సెకన్లు కూడా పట్టదు. సీటీ స్కాన్ 300 ఎంబీ అయితే 20 నిమిషాలకీ 24 సెకన్లకీ ఉన్నంత తేడా. పక్షవాతం వచ్చిన మనిషికి ఆ 20 నిమిషాలు చిన్న విషయం కాదు. డాక్టర్ తెర మీద పేషెంట్ ముఖం స్పష్టంగా కనపడాలన్నా ఆగకుండా వచ్చే లైన్ కావాలి.

దూరం నుంచి వైద్యం మనకు కొత్త కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో 2000లోనే శాటిలైట్ ద్వారా అపోలో వాళ్లు మొదలుపెట్టారు. ప్రభుత్వం వైపు నుంచి పెద్దది ఈ-సంజీవని. మొహాలీలోని సీడాక్ తయారుచేసింది. 2019 నవంబర్‌లో ఆరోగ్య కేంద్రాల్లో దీన్ని దేశంలో మొదట ప్రారంభించింది ఆంధ్రప్రదేశే. పేషెంట్ ఊళ్లోని సెంటర్‌కి వెళ్తే అక్కడి సిబ్బంది బీపీ, షుగర్ చూసి ఎక్కిస్తారు, హబ్‌లో ఉన్న డాక్టర్ వీడియోలో మాట్లాడి మందుల చీటీ పంపిస్తారు. మత్తు మందుల కోవలోకి వచ్చేవి మాత్రం ఫోన్ మీద రాయరు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో అలాగే ఉంది.

మా నానీని షుగర్ కోసం ఒకసారి అలాంటి సెంటర్‌కే తీసుకెళ్లాను. కాల్ మూడుసార్లు తెగింది. చివరికి ఏఎన్ఎం తన సొంత ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తేగానీ డాక్టర్ మాట వినపడలేదు. "రోజాలకు ముందు మాత్రల టైం మార్చాలా బేటా?" అన్న నానీ ప్రశ్నకి జవాబు దొరికింది, ఆ అమ్మాయి డేటా ప్యాక్ పుణ్యాన.

నెట్ వస్తే రికార్డులూ నెట్‌లోకి వస్తాయి. 14 అంకెల ఆభా నంబర్ దీనికోసమే. ఇది 5 లక్షల ఆయుష్మాన్ కార్డు కాదు, రెండూ వేరు. ఆభా తీసుకోవడం మన ఇష్టం, లేదని వైద్యం ఆపకూడదు. ఆధార్‌తో చేస్తే పేరు ఆధార్‌లో ఉన్నట్టే పడుతుంది. మన ఇళ్లలో ఒకే మనిషి ఒక కాగితంలో షేక్, ఇంకో కాగితంలో షైక్, మూడోదాంట్లో ఇంటిపేరే ఉండదు. కాబట్టి ముందు ఆధార్ సరిచూసుకుని, దానికి లింకైన ఫోన్ ఎవరి దగ్గరుందో చూసుకుని వెళ్లండి.

భయం లేదా అంటే ఉంది. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగితే సుమారు రెండు వారాలు చీటీలన్నీ చేత్తో రాశారు. అంత పెద్ద ఆసుపత్రికే అలా అయితే, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించే చోట సంగతి చెప్పక్కర్లేదు. మీ ఓటీపీ కౌంటర్‌లో గట్టిగా చదవకండి, రికార్డు చూడ్డానికి అనుమతి అడిగితే ఎవరికి, ఎన్నాళ్లు అని చూసి నొక్కండి.

ఆడవాళ్ల సమస్యలకు లేడీ డాక్టర్‌తోనే మాట్లాడాలనుకుంటే కాల్ కలపకముందే సిబ్బందికి చెప్పండి. మనసు బాగోలేనప్పుడు సెంటర్‌కి వెళ్లే పనే లేదు, 14416కి ఫోన్ చేస్తే చాలు. అది టెలి-మానస్, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, ఉచితం. మీ ఊరి పీహెచ్‌సీకి భారత్‌నెట్ లైన్ వచ్చిందా లేదా అన్నది గ్రామసభలో అడగొచ్చు, అక్కడ తేలకపోతే పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తు ఉంది.