చిప్పు అంచు సర్క్యూట్లు: 5 వోల్టుల నుంచి 0.6 వోల్టుల దాకా

ఇంటిగ్రేటెడ్ చిప్పు లోపలి గేట్లకూ బోర్డు మీది తీగలకూ మధ్య, సిలికాన్ ముక్క అంచుల వెంబడి ఇన్‌పుట్, అవుట్‌పుట్ సర్క్యూట్లు ఉంటాయి. వాటి పని చూడటానికి చిన్నదే. లోపలి సంకేతాన్ని పిన్ను మీదికి నెట్టాలి, పిన్ను మీదికి వచ్చింది సున్నానా ఒకటా తేల్చాలి. అయితే చిప్పు లోపలి తీగ కెపాసిటెన్స్ ఫెమ్టోఫారడ్లలో ఉంటే, పిన్ను, ప్యాకేజీ, బోర్డు తీగ కలిసి పికోఫారడ్లలోకి పోతాయి. సంకేతం మారిన ప్రతిసారీ ఖర్చయ్యే శక్తి ఈ కెపాసిటెన్స్‌ను బట్టీ, వోల్టేజీ వర్గాన్ని బట్టీ పెరుగుతుంది. అందుకే విద్యుత్తు పొదుపు చేయాలనుకున్న డిజైనర్లు ముందుగా అంచు వైపే చూడాల్సి వచ్చింది. లోపలి వోల్టేజీని ఎవరినీ అడక్కుండా దించుకోవచ్చు. అంచు వోల్టేజీ మాత్రం పొరుగు చిప్పు ఒప్పుకుంటేనే దిగుతుంది.

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1964లో సైనిక అవసరాలకు 5400 సిరీస్‌నూ, 1966లో చవకైన ప్లాస్టిక్ ప్యాకేజీలో 7400 సిరీస్‌నూ తెచ్చింది. ఈ టీటీఎల్ (ట్రాన్సిస్టర్-ట్రాన్సిస్టర్ లాజిక్) చిప్పులతో 5 వోల్టుల సరఫరా పాతుకుపోయింది. వాటి ఇన్‌పుట్‌కు 0.8 వోల్టుల లోపు వస్తే సున్నా, 2 వోల్టులు దాటితే ఒకటి. అవుట్‌పుట్ మాత్రం సున్నాకు 0.4 మించకూడదు, ఒకటికి 2.4 తగ్గకూడదు. రెండు వైపులా మిగిలే 0.4 వోల్టులు దారిలో కలిసే నాయిస్ కోసం వదిలినవి.

1963లో ఫెయిర్‌చైల్డ్‌లో ఫ్రాంక్ వాన్లాస్ రూపొందించిన సీమాస్ పద్ధతిలో, సంకేతం మారనప్పుడు కరెంటు దాదాపు పారదు. ఆర్‌సీఏ 1968లో దాన్ని 4000 సిరీస్‌గా అమ్మకానికి తెచ్చింది. చిక్కల్లా ఒక్కటే. సీమాస్ ఇన్‌పుట్ సరఫరాలో సగం దగ్గర సున్నాను, ఒకటిని విడదీస్తుంది కాబట్టి టీటీఎల్ హామీ ఇచ్చే 2.4 వోల్టులు దానికి చాలవు. చివరికి ఒకే లాజిక్‌ను హెచ్‌సీ, హెచ్‌సీటీ అని రెండు రకాలుగా అమ్మారు. రెండో దాని ఇన్‌పుట్ హద్దులు టీటీఎల్‌వి.

ఈ ఎంపికను కొనేటప్పుడు కాకుండా వాడేటప్పుడు చేసుకునే వీలు 1985లో జైలింక్స్ ఎక్స్‌సీ2064తో వచ్చింది. రాస్ ఫ్రీమన్ ఆలోచనలోంచి పుట్టిన ఈ తొలి ఎఫ్‌పీజీఏలో (లోపలి లాజిక్‌ను వాడేవారే అమర్చుకోగల చిప్పులో) 64 లాజిక్ బ్లాకులు, 58 ఇన్‌పుట్-అవుట్‌పుట్ బ్లాకులు ఉండేవి. ఏ పిన్ను ఇన్‌పుట్, ఏది అవుట్‌పుట్ అన్నది కాన్ఫిగరేషన్ బిట్లే తేల్చేవి. ఇన్‌పుట్ హద్దు టీటీఎల్‌దా సీమాస్‌దా అన్నదీ అంతే, కాకపోతే చిప్పు మొత్తానికి ఒకే నిర్ణయం.

1990లలో ట్రాన్సిస్టర్ల గేటు ఆక్సైడ్ పలచబడి 5 వోల్టులను భరించలేని స్థితి వచ్చింది. 1993 నాటి తొలి పెంటియం 5 వోల్టులతో నడిచింది, మరుసటి ఏడాది రకం 3.3కి దిగింది. 1997 పెంటియం ఎంఎంఎక్స్‌లో లోపల 2.8, అంచున 3.3 వోల్టులు. చిప్పుకు రెండు సరఫరాలు మామూలయ్యాయి. అయినా బోర్డు మీద పాత 5 వోల్టుల చిప్పులు పోలేదు. 3.3 వోల్టుల అవుట్‌పుట్ విరామంలో ఉండగా పొరుగు చిప్పు అదే తీగ మీదికి 5 వోల్టులు పంపితే, పై వైపు పీమాస్ ట్రాన్సిస్టర్ డ్రెయిన్‌కూ దాని కింది ఎన్-వెల్‌కూ మధ్య సహజంగా ఏర్పడే డయోడ్ తెరుచుకుంటుంది. కరెంటు వెనక్కి, సరఫరాలోకి పారుతుంది. దీనికి విరుగుడుగా ఆ వెల్‌ను సరఫరాకు కట్టేయకుండా వదిలి, పిన్ను వోల్టేజీ పెరిగినప్పుడు దాని వెంటే పైకి పోయేలా చేశారు. కింది వైపు రెండు ఎన్‌మాస్ ట్రాన్సిస్టర్లను ఒకదాని మీద ఒకటి పేర్చి ఆక్సైడ్ మీది ఒత్తిడిని పంచారు. కంటికి కనపడని ఈ చిన్న సవరణ లేకపోతే పాత, కొత్త తరాల చిప్పులు ఒకే బోర్డు మీద మనగలగడం కష్టమయ్యేది.

ఇంకో దారి, సంకేతం ఊగే ఎత్తునే తగ్గించడం. జెరాక్స్ పార్క్‌లో విలియం గన్నింగ్ రూపొందించిన జీటీఎల్ పద్ధతిలో ఊగు 1 వోల్టు లోపే. 1990ల మధ్యలో ప్రమాణంగా మారిన ఎల్‌వీడీఎస్ రెండు తీగల మీద 3.5 మిల్లీఆంపియర్ల కరెంటును నడిపి, చివర 100 ఓమ్‌ల నిరోధం దగ్గర 350 మిల్లీవోల్టులుగా చదువుతుంది. నెమ్మదిగా పనిచేసినా ఆ కరెంటు ఆగదు. వేగం పెరిగిన కొద్దీ లాభం తెలుస్తుంది.

ఇన్ని ప్రమాణాలు పుట్టాక అన్నిటితో మాట్లాడగల పిన్ను అవసరమైంది. 1998లో వచ్చిన జైలింక్స్ ఎఫ్‌పీజీఏ వర్టెక్స్ తన పిన్నులను 8 బ్యాంకులుగా విడదీసి 16 ప్రమాణాలను అందించింది. ఒక బ్యాంకులోని అవుట్‌పుట్లన్నిటికీ సరఫరా ఒకటే కావడంతో, ఏ సంకేతం ఏ బ్యాంకులో పెట్టాలన్నది బోర్డు డిజైనర్లకు ముందే తేల్చుకోవాల్సిన లెక్క అయింది. తర్వాతి వర్టెక్స్-2లో తీగకు తగిన నిరోధం చిప్పులోకే వచ్చింది. దాని వెంట ఎడతెగని కరెంటు ఖర్చూ వచ్చింది. అందువల్ల మెమొరీకి రాసేటప్పుడు నిరోధాన్నీ, వాడనప్పుడు ఇన్‌పుట్ బఫర్‌నూ ఆపేసే ఏర్పాట్లు తరువాతి తరాల్లో చేరాయి. జైలింక్స్ 7 సిరీస్‌లో 3.3 వోల్టుల దాకా వెళ్లే బ్యాంకులు వేరు, 1.8 వోల్టుల లోపు వేగంగా నడిచేవి వేరు. అన్నీ చేయగల ఒకే సర్క్యూట్ చివరికి సాధ్యపడలేదు.

మెమొరీ చిప్పుల్లో దిగుదల క్రమంగా సాగింది. డీడీఆర్‌కు 2.5, డీడీఆర్2కు 1.8, డీడీఆర్3కి 1.5, డీడీఆర్4కు 1.2 వోల్టులు. డీడీఆర్4లో నిరోధం పై సరఫరాకే కట్టి ఉంటుంది కాబట్టి ఒకటి పంపితే కరెంటు పారదు, సున్నా పంపితేనే పారుతుంది. అందుకే ఎనిమిది బిట్లలో నాలుగుకు మించి సున్నాలుంటే మొత్తం తిరగేసి పంపి, తిరగేశామని వేరే పిన్ను మీద చెప్పే వీలు కల్పించారు. ఫోన్లకు చేసిన ఎల్‌పీడీడీఆర్4ఎక్స్‌లో డేటా పిన్నుల సరఫరా 1.1 నుంచి 0.6 వోల్టులకు పడిపోయింది.

పాత వోల్టేజీ మాత్రం ఇంకా పోలేదు. మెమొరీ కార్డును ఫోన్‌లో పెడితే తొలి పలకరింపు 3.3 వోల్టులతోనే జరుగుతుంది. 2010 నాటి యూహెచ్ఎస్-1 ప్రమాణం తెలిసిన కార్డయితే ఫోన్ 11వ నంబరు ఆదేశం పంపుతుంది. కార్డు డేటా తీగలను కిందికి లాగి పట్టుకుంటుంది, ఫోన్ క్లాకును ఆపి కనీసం 5 మిల్లీసెకన్లు ఆగుతుంది. ఆ వ్యవధిలో రెండు వైపులా పిన్నులు 1.8 వోల్టులకు మారతాయి. క్లాకు మళ్లీ మొదలయ్యాక కార్డు తీగలను వదిలితే మార్పు కుదిరినట్టు, వదలకపోతే కార్డుకు సరఫరా తీసేసి 3.3 దగ్గర మొదటి నుంచి ప్రారంభించాలి.