చేతులు మారిన ఇంజన్లు

భారతదేశంలో సెకండ్ హ్యాండ్ మోటార్ సైకిల్ వ్యాపారం నిలదొక్కుకున్నది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. అంతకు ముందు బీఎస్‌ఏ, నార్టన్, ట్రయంఫ్ వంటి ఇంగ్లండు బండ్లు దొరలకు, జమీందార్లకు, తేయాకు తోటల మేనేజర్లకే ఉండేవి. యుద్ధం ముగిశాక సైన్యం తనకు అక్కర్లేని బండ్లను అమ్మకానికి పెట్టింది. బీఎస్‌ఏ ఎం20, నార్టన్ 16హెచ్ లాంటివి అలా ఊళ్లలోకి వచ్చాయి. రెండిటివీ దాదాపు 500 సీసీ సైడ్ వాల్వ్ ఇంజన్లే. నాసిరకం పెట్రోలునైనా సహించే మొండి యంత్రాలు అవి. చిక్కల్లా విడిభాగాల దగ్గరే వచ్చేది. కంపెనీ ఇంగ్లండులో ఉంది, బండి ఇక్కడుంది. అరిగిన బుష్షుకు బదులు లేత్ మీద కొత్తది తీయించడం, ఒక బండి పిస్టన్‌ను మరో బండికి సరిపడేలా చెక్కించడం తప్పనిసరయ్యాయి. పాత బండి కొన్నవాడికి మెకానిక్‌తో పని పడకుండా ఉండని పరిస్థితి అప్పుడే మొదలైంది. ఆ తర్వాతి ఎనభై ఏళ్లలో ఇంజన్లు మారుతూ వచ్చాయి. ప్రతి తరం ఇంజన్ తనదైన జబ్బును, దాన్ని దాచే పద్ధతిని, కనిపెట్టే పద్ధతిని వెంట తెచ్చుకుంది.

దేశంలో తయారీ 1950ల్లో మొదలైంది. సరిహద్దు గస్తీకి సైన్యం బుల్లెట్ 350ని ఎంచుకోవడంతో 1955లో మద్రాస్ మోటార్స్, ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాయి. తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో బుల్లెట్లు తయారయ్యాయి. 1960ల మొదట్లో మైసూరులో ఐడియల్ జావా చెకోస్లొవేకియా జావా 250ని, ఉత్తరాదిన ఎస్కార్ట్స్ సంస్థ పోలండు నమూనా మీద రాజ్‌దూత్ 175ని తెచ్చాయి. తెలుగునాట పొలాల దారుల్లో రాజ్‌దూత్, హైవేల మీద బుల్లెట్, పట్టణాల్లో జావా తిరిగాయి. 1973 నుంచి మైసూరు బండికి యెజ్డీ అన్న పేరు వచ్చింది.

లైసెన్సుల కాలంలో ఏ ఫ్యాక్టరీ ఎన్ని బండ్లు చేయాలో ప్రభుత్వం నిర్ణయించేది. గిరాకీతో దానికి సంబంధం ఉండేది కాదు. ముఖ్యంగా స్కూటర్లకు ఏళ్ల తరబడి ఎదురు చూడాల్సి వచ్చేది. వాటి పంపిణీ, అమ్మకాల మీద 1960లోనే కేంద్రం నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. బజాజ్ స్కూటరుకు పేరు రాయించుకున్న కుర్రాడికి పెళ్లయి పిల్లలు పుట్టాక బండి వచ్చిన సందర్భాలు ఆ తరం వాళ్లకు బాగా గుర్తు. ఈ కొరత వల్ల కొద్దిగా వాడిన స్కూటరు షోరూం ధర కన్నా ఎక్కువకు అమ్ముడుపోయేది. అలాంటి బజారులో ఇంజన్ బాగోగుల గురించి బేరమాడే బలం కొనేవాడికి లేదు. బండి దొరకడమే అదృష్టం. లోపం బయటపడితే బాగు చేయించుకోవచ్చు అన్నది అప్పటి ధోరణి. పాత బండి మీద మన సమాజానికి ఉన్న ఓర్పు చాలావరకు ఆ కొరత నేర్పినదే.

బాగుచేసే వ్యవస్థ కూడా ఆ కాలంలోనే బలపడింది. విజయవాడలో 1960ల్లో ఏర్పడిన జవహర్ ఆటోనగర్ ప్రధానంగా లారీల కోసం పుట్టింది. అయితే అక్కడి లేత్ షెడ్లు, బోరింగ్ మిషన్లు, వెల్డింగ్ పనివాళ్లు కోస్తా జిల్లాల మోటార్ సైకిళ్లకూ ఆధారమయ్యారు. సికింద్రాబాద్ రాణిగంజ్ విడిభాగాలకు, మద్రాసు పుదుపేట పాత భాగాలకు పేరుపడ్డాయి. చిన్న పట్టణపు మెకానిక్ సిలిండరును గోనెసంచిలో చుట్టి బస్సులో పంపితే, బోరు చేసి మర్నాడు తిరిగి వచ్చేది. షెడ్డులో పిల్లవాడిగా చేరి, మొదట స్పానర్లు అందించి, తర్వాత ప్లగ్గు తుడిచి, కొన్నేళ్లకు గాని ఇంజన్ విప్పే అనుమతి దొరకని శిష్యరికమే ఈ విద్యకు బడి. పుస్తకం లేకుండా చేతి నుంచి చేతికి అందిన ఈ పరిజ్ఞానానికి దక్కాల్సినంత గౌరవం దక్కలేదు.

జావా, యెజ్డీ, రాజ్‌దూత్ టూ స్ట్రోక్ బండ్లు. వీటిలో వాల్వులు ఉండవు, ఇంజన్‌కు వేరే ఆయిల్ సంపు ఉండదు. పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోయాలి. ఆ మిశ్రమం క్రాంక్ గదిలోంచి వెళ్తూ బేరింగులను తడుపుతుంది. కొలత తగ్గితే పిస్టన్ వేడెక్కి సిలిండరులో బిగుసుకుంటుంది. కొలత పెరిగితే ప్లగ్గు తడిసిపోతుంది, సైలెన్సర్ మసితో మూసుకుపోతుంది. పాత బండి కొన్నవాడికి పాత యజమాని ఎంత ఆయిల్ కలిపేవాడో తెలియదు. చాలా గొడవలు అక్కడే మొదలయ్యేవి. పికప్ లేదని బండి తెస్తే మెకానిక్ ముందు చూసేది ఇంజన్‌ను కాదు, సైలెన్సర్‌ను. దాన్ని ఊడదీసి కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టో, మంటలో కాల్చో మసి రాలగొడితే సగం బండ్లు బాగుపడేవి. తర్వాతి అనుమానం ప్లాటినం పాయింట్ల మీదికి పోయేది. వాటి మధ్య సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. అరిగితే స్పార్క్ వేళ తప్పుతుంది.

అన్నిటికన్నా మోసకారి జబ్బు క్రాంక్ ఆయిల్ సీళ్లది. ఈ రబ్బరు సీళ్లు గట్టిపడితే క్రాంక్ గదిలోకి బయటి గాలి చొరబడుతుంది. మిశ్రమం పల్చబడి ఇంజన్ అతిగా వేడెక్కుతుంది. గేరు బాక్సు వైపు సీలు పోతే అక్కడి ఆయిల్ లోపలికి లాగబడి తెల్లటి పొగ కమ్ముకుంటుంది. అమ్మేవాడి వాకిట్లో ఒక్క కిక్కుకు స్టార్టయిన బండి, పది కిలోమీటర్లు పోయి వేడెక్కాక ఆగిపోయి, చల్లారేదాకా కదలకపోవడానికి తరచుగా ఇదే కారణం. కార్బొరేటర్ ఎన్నిసార్లు కడిగినా ఈ జబ్బు పోదు. ఇంజన్ దించి రెండుగా విడదీయాల్సిందే. కొత్త యజమానికి ఇది పెద్ద ఖర్చు.

అరిగిన సిలిండరుకు రీబోర్ చేయించి, 0.25 మిల్లీమీటరు చొప్పున పెద్ద సైజు పిస్టన్ వేస్తారు. అలా సాధారణంగా ఒక మిల్లీమీటరు దాకా వెళ్లాక కొత్త స్లీవ్ వేయక తప్పదు. అందుకే తెలిసిన కొనుగోలుదారు అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్నో బోరు?’ అన్నదే. స్టాండర్డ్ బోరు మీదున్న ఇంజన్‌కు ధర ఎక్కువ. చివరి బోరు మీదున్నదానికి ఎంత మెరిసే రంగు వేసినా తక్కువ. ఇందులో ఒక ప్రమాదం దాగి ఉండేది. అమ్మకానికి ముందు బోరు చేయించిన బండిని మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి. ఆ సంగతి కొత్త యజమానికి ఎవరూ చెప్పకపోతే, ఇంటికి పోయే దారిలోనే వేగంగా లాగించి ఇంజన్ బిగబట్టించేవాడు. మోసం చేశారని అతడు, నడపడం రాదని అమ్మినవాడు తగువుకు దిగేవారు.

బుల్లెట్ ఫోర్ స్ట్రోక్ బండి కాబట్టి దాని కథ వేరు. చాలాకాలం కదలకుండా నిలబెడితే ఆయిల్ గదిలోని ఆయిల్ మెల్లగా క్రాంక్ గదిలోకి జారుతుంది. స్టార్ట్ చేయగానే దట్టంగా పొగ వస్తుంది. కాసేపటికి తగ్గితే భయం లేదు. తగ్గకపోతే రింగులో, వాల్వ్ గైడ్లో అరిగినట్టు. ఈ తేడా తెలియక మంచి బుల్లెట్‌ను వదిలేసినవాళ్లూ ఉన్నారు, చెడ్డదాన్ని కొన్నవాళ్లూ ఉన్నారు.

అమ్మేవాడికి తెలిసిన లోపం కొనేవాడికి తెలియని బజారు ఎలా నడుస్తుందో అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్లను ఉదాహరణగా తీసుకుని వివరించాడు. మంచి చెడుల తేడా తెలియనప్పుడు కొనేవాడు సగటు ధరే ఇస్తాడు. ఆ ధరకు మంచి బండి యజమాని అమ్మడు. బజారులో చెడ్డవే మిగులుతాయి. ఈ ఆలోచనకు 2001లో ఆయనకు నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. తెలుగు పట్టణాల్లో ఈ అంతరాన్ని పూడ్చింది నమ్మకమైన మెకానిక్. కొనబోయేవాడు అతన్ని వెంటబెట్టుకుని వెళ్లేవాడు. అతడు మాట్లాడకుండా ముందు సిలిండరు మీద చెయ్యి వేసేవాడు. వెచ్చగా ఉంటే అప్పటికే ఒకసారి స్టార్ట్ చేసి సిద్ధంగా ఉంచారని అర్థం, చల్లారేదాకా ఆగాల్సిందే. తర్వాత కిక్కులో బిగువు చూసి, ప్లగ్గు విప్పి రంగు చూసి, స్టార్టయ్యాక చెవి పెట్టి వినేవాడు. ఇటుక రంగు ప్లగ్గు ఆరోగ్యానికి గుర్తు, నల్లటి తడి ప్లగ్గు రోగానికి గుర్తు. రెండు వైపులా కమీషన్ పుచ్చుకునే మెకానిక్‌లూ లేకపోలేదు. ఒక్క చెడ్డ బండి అంటగట్టినా ఊళ్లో పేరు పోతుందన్న భయమే ఈ ఏర్పాటును నిలబెట్టింది.

1984 నుంచి 1986 మధ్య దేశపు రోడ్లు మారిపోయాయి. ఇండ్-సుజుకి ఏఎక్స్100, హీరో హోండా సీడీ100, యమహా ఆర్‌ఎక్స్100, కవాసాకి బజాజ్ కేబీ100 వరసగా వచ్చాయి. వీటిలో 97 సీసీ సీడీ100 ఒక్కటే ఫోర్ స్ట్రోక్. పెట్రోలు పోసి మరిచిపోవచ్చన్న దాని ప్రచారం జనానికి బాగా పట్టింది. 1994లో వచ్చిన స్ప్లెండర్ ఆ నమ్మకాన్ని స్థిరపరిచింది. అయితే జనం ఆయిల్ మార్చడం కూడా మరిచిపోయారు. ఆ ఇంజన్‌లో ఆయిల్ లీటరు లోపే పడుతుంది. అది నల్లబడి చిక్కబడితే పైనున్న క్యామ్, రాకర్లు ముందుగా దెబ్బతింటాయి. టూ స్ట్రోక్ తన జబ్బును పొగతో, శబ్దంతో చాటుకునేది. ఫోర్ స్ట్రోక్ చాలాకాలం బయటపడనివ్వదు.

దాచడమూ తేలికైంది. అమ్మేముందు చిక్కటి ఆయిల్ పోస్తే ట్యాపెట్ల మోత అణగుతుంది, పొగ తగ్గుతుంది. కొన్న కొన్ని వారాలకు ఆ ఆయిల్ పల్చబడ్డాక నిజం బయటపడుతుంది. మీటర్ కేబుల్ విప్పి తిరిగిన కిలోమీటర్లు లెక్కకు రాకుండా చేయడం మరో పద్ధతి. మెకానిక్‌లు పొగను చదవడం కూడా కొత్తగా నేర్చుకున్నారు. రాత్రంతా నిలిపి ఉదయం స్టార్ట్ చేసినప్పుడు, లేదా వేగంలో యాక్సిలరేటర్ వదిలినప్పుడు నీలి పొగ వస్తే వాల్వ్ సీళ్లు పోయినట్టు. యాక్సిలరేటర్ తిప్పి లోడ్ మీద లాగినప్పుడు వస్తే పిస్టన్ రింగులు పోయినట్టు. మొదటిది చిన్న ఖర్చు, రెండోది బోరింగు దాకా పోతుంది.

1990ల్లో బండ్లకు అప్పులు విరివిగా దొరకడంతో సెకండ్ హ్యాండ్ బజారు విస్తరించింది. వాయిదాలు కట్టక ఫైనాన్స్ వాళ్లు లాక్కెళ్లిన బండ్లు వేలానికి వచ్చాయి. తెలుగు పట్టణాల్లో ‘ఆటో కన్సల్టెన్సీ’ బోర్డులు వెలిశాయి. ఇంజన్ ప్రశ్న పక్కన కాగితాల ప్రశ్న వచ్చి కూర్చుంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం యాజమాన్యం మారిన సంగతి అమ్మినవాడు 14 రోజుల్లో తెలియజేయాలి. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని, పేరు మార్చకుండానే బండిని మూడు చేతులు మార్చడం మాత్రం మామూలైపోయింది. రికార్డుల్లో పేరున్నవాడే యజమాని, ప్రమాద పరిహారం బాధ్యతా అతనిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. ఇంజన్ మార్పించిన బండి అయితే ఆర్సీలోని ఇంజన్ నంబరు సరిపోక పోలీసు తనిఖీలో ఇబ్బందే.

నిలవున్న బండి సమస్య అన్ని కాలాల్లోనూ ఒకటే. కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు ఆవిరైపోతే బంక మిగులుతుంది. వెంట్రుకంత సన్నటి పైలట్ జెట్ రంధ్రం దాంతో మూసుకుపోతుంది. బండి చోక్ మీద స్టార్టవుతుంది, వేగంలో బాగానే పోతుంది, సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. కొత్తగా పాత బండి కొన్నవాళ్లు ఇంజన్ పోయిందని భయపడే లోపాల్లో చాలా వాటికి అసలు కారణం ఇదే, వైద్యమూ చవకే. పెట్రోలులో ఇథనాల్ వాటా పెరగడం దీనికి కొత్త కోణం చేర్చింది. 2022 జూన్ నాటికి దేశంలో సగటున 10 శాతం కలపడం సాధ్యమైంది, 2023 ఫిబ్రవరిలో 20 శాతం మిశ్రమం అమ్మకం మొదలైంది. ఇథనాల్ తేమను పీలుస్తుంది. పాత బండ్ల రబ్బరు పైపులు, వాషర్లు దానికోసం చేసినవి కావు.

ఉద్గార నిబంధనలు టూ స్ట్రోక్‌ను క్రమంగా రోడ్ల నుంచి తప్పించాయి. ఆర్‌ఎక్స్100, యెజ్డీ రెండూ 1996లోనే ఆగిపోయాయి. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు బీఎస్-3 బండ్ల అమ్మకాన్ని ఏప్రిల్ 1 నుంచి నిషేధించినప్పుడు అమ్ముడుపోని వాహనాలు 8 లక్షలకు పైగా ఉన్నాయి. చాలావరకు ద్విచక్ర వాహనాలే. ఆఖరి రెండు రోజుల్లో భారీ తగ్గింపులతో షోరూముల ముందు జనం బారులు తీరారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 రాకతో చాలా బండ్లలో కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ట్యాంకు ఎప్పుడూ అడుగంటేదాకా నడిపితే పంపు వేడెక్కి పాడవుతుంది, ఇంజెక్టరులో మురికి చేరుతుంది. లోపం ఉంటే మీటర్లో ఇంజన్ దీపం వెలుగుతుంది, స్కానర్ పెడితే కోడ్ చూపిస్తుంది. స్కానర్ కొన్న కుర్ర మెకానిక్‌లు నిలిచారు. చెవినే నమ్ముకున్న పెద్దవాళ్లలో కొందరు పాత బండ్లకే పరిమితమయ్యారు.

ఆ పాత బండ్లకు ఇప్పుడు వేరే బజారు ఉంది. బాగా నిలబెట్టిన ఆర్‌ఎక్స్100 లక్ష రూపాయలు దాటి పలుకుతోంది. గిరాకీని చూసి నకిలీ పిస్టన్లు, నకిలీ క్రాంకులు కూడా వస్తున్నాయి. పునరుద్ధరించామని అమ్మిన బండ్లలో లోపల ఏముందో విప్పితే గాని తెలియదు.

ఇక డీలర్ల సంగతి. కేంద్రం 2022 డిసెంబరులో ప్రకటించిన నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. పాత వాహనాల డీలరు అధికారిక అనుమతి పొందాలి, బండి తన దగ్గర ఉన్నంతకాలం యజమాని బాధ్యత తనదే, దాన్ని ఎవరు ఎందుకు ఎంత దూరం నడిపారో నమోదు చేయాలి. ఇవన్నీ యాజమాన్యానికి సంబంధించినవి. ఇంజన్ బాగోగులకు ప్రభుత్వ ధ్రువీకరణ ఏదీ లేదు. ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థలు తమ తనిఖీ పట్టికనూ కొన్ని నెలల వారంటీనీ ఇస్తున్నాయి. వాటిలో సాధారణంగా ఇంజన్, గేరు బాక్సు ఉంటాయి. క్లచ్ ప్లేట్లు, బ్యాటరీ, టైర్ల వంటి అరిగిపోయే సామాను ఉండదు. ఆ ఖర్చు కొన్నవాడిదే.