ఎండ్ నొక్కితే పోయిన పీఎఫ్ రేటు

నెలాఖరు, సాయంత్రం ఆరు దాటింది. జీతాల సెక్షన్‌లో మేడమ్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు మీరు. ఎదురుగా ఎక్సెల్ షీటు. పీఎఫ్ కాలమ్ పైనుంచి కిందిదాకా సున్నాలే. బేసిక్ 15,000 ఉన్న వరుసలో 12 శాతం లెక్కన 1,800 పడాలి. అక్కడా సున్నాయే. ఎర్రర్ మెసేజ్ ఏదీ రాలేదు. భయపడాల్సింది దానికే. ఇది ఎవరూ గమనించకపోతే, రేపు బ్యాంకుకు వెళ్లే కాగితంలో కార్మికుల పొదుపు సున్నా.

"పొద్దున బాగానే వచ్చింది సార్," అంటున్నారు మేడమ్.

ఆల్ట్ ఎఫ్11 నొక్కుతారు. ఈ లెక్క వేసే మాక్రో కోడ్ తెరుచుకుంటుంది. మాడ్యూల్ పైభాగంలో పబ్లిక్ పీఎఫ్‌రేట్ అనే వేరియబుల్ ఉంది. దానికి 0.12 ఇచ్చేది వర్క్‌బుక్ ఓపెన్ ఈవెంట్. కంట్రోల్ జీ నొక్కి, ఇమ్మీడియట్ విండోలో ప్రశ్నార్థకం పెట్టి పక్కన పీఎఫ్‌రేట్ అని టైప్ చేస్తారు. ఎంటర్. జవాబు: 0.

"మధ్యలో ఎర్రర్ ఏమన్నా వచ్చిందా మేడమ్?"

"ఒకాయన జీతం సెల్‌లో సెలవు అని రాసి ఉంది సార్. 13 నంబరు ఎర్రర్, టైప్ మిస్‌మ్యాచ్ అంది. ఎండ్ నొక్కి, సెల్ సరిచేసి మళ్లీ రన్ చేశాను."

దొరికింది. ఆ ఎర్రర్ డబ్బాలో ఎండ్ నొక్కితే ప్రాజెక్టు మొత్తం రీసెట్ అవుతుంది. గ్లోబల్ వేరియబుల్స్, స్టాటిక్ వేరియబుల్స్ అన్నీ మొదటి స్థితికి వెళ్తాయి: అంకెలు సున్నా, స్ట్రింగులు ఖాళీ, ఆబ్జెక్టులు నథింగ్. ఫైలు మూయలేదు కాబట్టి ఓపెన్ ఈవెంట్ మళ్లీ నడవలేదు. ఆబ్జెక్టు పోయి ఉంటే 91 నంబరు ఎర్రర్ వచ్చి అప్పుడే బయటపడేది. అంకె పోతే లెక్క మాత్రం నడిచిపోతుంది.

అయినా నమ్మేయకండి, చేసి చూడండి. ఫైలు మూసి తెరిచి, ఇమ్మీడియట్ విండోలో రేటు అడగండి: 0.12. ఒక సెల్‌లో కావాలని సెలవు అని రాసి రన్ చేయండి. ఎండ్. మళ్లీ అడగండి: 0. డీబగ్‌లోకి వెళ్లి రీసెట్ నొక్కినా ఇదే ఫలితం. కోడ్‌లో ఒంటరిగా ఉన్న ఎండ్ స్టేట్‌మెంట్ కూడా ఇదే పని చేస్తుంది. వెతికి, ప్రొసీజర్ నుంచి బయటికి రావడానికే రాసి ఉంటే ఎగ్జిట్ సబ్‌గా మార్చండి. ఎండ్ ఇఫ్, ఎండ్ సబ్‌ల జోలికి పోనక్కర్లేదు.

ఇప్పుడు మరమ్మతు. ఎర్రర్ హ్యాండ్లర్ పెడతారు, జీతం సెల్‌లో అంకె ఉందో లేదో ముందే చూసే చెక్ పెడతారు. కానీ అవి చాలవని నా గట్టి నమ్మకం. రేటు ఉండాల్సింది షీటులో. సెట్టింగ్స్ షీటులో ఒక సెల్‌కు పేరు పెట్టి 12 శాతం అక్కడ రాస్తారు. వేరియబుల్ తీసేసి, అడిగిన ప్రతిసారీ ఆ సెల్ చదివే చిన్న ఫంక్షన్ రాస్తారు. ఇక ఎండ్ ఎన్నిసార్లు నొక్కినా సెల్ చెక్కుచెదరదు. గూగుల్ షీట్స్ స్క్రిప్టులోనైతే ప్రతి రన్ కొత్తగానే మొదలవుతుంది. అక్కడ విలువలు దాచడానికి ప్రాపర్టీస్ సర్వీస్ ఉంది.

మళ్లీ రన్. 1,800.

మీ షీటులోనూ ఒకరి డబ్బును తేల్చే రేటు పబ్లిక్ వేరియబుల్‌లో ఉంటే, ఈ నెల జీతాలు వేసేలోపే దాన్ని సెల్‌లోకి మార్చండి.