మంజీరనీరు, మోటారుబావులు

కందకుర్తియొద్ద మంజీరయు హరిద్రయు గోదావరిలోఁ గలియుట మన పెద్ద లెఱిఁగినదే. గోదావరి తెలంగాణమునఁ బ్రవేశించునదియు నిచ్చటనే. స్నానమునకు వచ్చిన యాత్రికుఁడు సంగమమును జూచును గాని, ఆ మంజీరనీరు ఎగువ నెన్ని పనులు చేసి వచ్చినదో తలఁపఁడు. అందొక పని విద్యుత్తు.

నిజాంసాగరనిర్మాణము 1923లో మొదలై 1931లో ముగిసినది. కట్టించిన యింజనీరు నవాబు అలీ నవాజు జంగు బహద్దరు. ఉద్దేశము సేద్యము, ఆయకట్టు 2,75,000 ఎకరములు. ఆ నీటఁ జెఱకు పెరిగెను. చెఱకునుబట్టి 1937లో బోధనునందు నిజాము చక్కెర కర్మాగారము వెలసెను. చక్కెర కర్మాగారములలో గానుగ విడిచిన పిప్పియే బాయిలరునకు వంటచెఱకు. పొలము పంపినదే పొయ్యిని మండించును. బోధను కర్మాగారము 2015 డిసెంబరులో మూఁతపడినది.

నిజాంసాగరమున విద్యుత్కేంద్రము 1950వ దశకమున వచ్చినది. నేఁడచ్చట ఐదేసి మెగావాట్ల యంత్రములు రెండు గలవు. కాలువకు విడుచు నీరే వానిని ద్రిప్పి పిదపఁ బొలములకుఁ బోవును. ఒకే నీటికి రెండు ఫలములు! ఇంతకన్న పొదుపు వేఱొండు గలదా? అయితే సాగరమునఁ బూడిక చేరెను. తొలుత 29 శతకోటి ఘనపుటడుగులకుఁ బైగాఁ బట్టిన జలాశయము సగముకన్నఁ దక్కువకు దిగెను. ఎత్తు పెంచి 17.8 శతకోట్లకుఁ దెచ్చిరి. ఎగువ సింగూరు ఆనకట్ట హైదరాబాదు త్రాగునీటికై మఱికొంత నిలిపికొనెను.

కాలువనీరు చాలని రైతు బావి త్రవ్వెను, బోరు వేసెను, మోటారు బిగించెను. మునుపు నీరు విద్యుత్తును బుట్టించెడిది. ఇప్పుడు విద్యుత్తు నీటిని దోడుచున్నది. ఆ విద్యుత్తులోఁ బెద్దపాలు బొగ్గుది.

దానిని మోసి తెచ్చు బాధ్యత 1959లో నేర్పడిన విద్యుచ్ఛక్తి బోర్డునుండి 1999లోఁ బ్రసారసంస్థకును, 2014లోఁ దెలంగాణ ప్రసారసంస్థకును సంక్రమించినది. ధాన్యమువలె విద్యుత్తును గాదెలోఁ బోయుట సులభము గాదు. పుట్టినదియు వాడినదియు ప్రతిక్షణము సరితూఁగవలెను. తూఁకము తప్పుచుండుటను సెకనునకు 50 ఆవృత్తుల లెక్క తెలుపును. 2013 డిసెంబరు 31న రాయచూరు షోలాపురముల నడుమ తీఁగె కలిపిన పిదప దక్షిణదేశపు గ్రిడ్డు తక్కిన దేశముతో నొక్కటైనది.

2018 జనవరి 1నుండి సేద్యమునకు 24 గంటల సరఫరా మొదలైనది. అంతకుముందు కరెంటు వంతులచొప్పున వచ్చెడిది. రైతు ఆటోస్టార్టరు పెట్టుకొనెను. కరెంటు రాఁగానే ఊరి మోటారులన్నియు నొక్కసారి లేచును, ట్రాన్సుఫార్మరు మీఁద భారము పడును, అక్కఱ లేని నీరును పైకి వచ్చును. అందుచేతనే వానిని దీసివేయుఁడని యధికారులు గ్రామగ్రామమునఁ జెప్పిరి. రాత్రి పాములకు వెఱచి స్టార్టరు పెట్టుకొన్న రైతును దప్పుపట్టఁజాలము. కాని పగలును గరెంటున్నచోట ఆ భయమునకుఁ దావు తక్కువ. మోటారునకుఁ గెపాసిటరు బిగించినచోఁ దీఁగెలలో వృథాయగు శక్తియుఁ దగ్గును. అది చిన్న డబ్బాయే. స్టార్టరు ప్రక్కనే యమరును.