చిప్పుల చదువు నేర్పిన ప్రొఫెసర్ లిన్ కాన్వే

మన మనుమలు, మనుమరాండ్రు ఇంజనీరింగు కాలేజీల్లో వి.ఎల్.ఎస్.ఐ. చదువుతున్నామంటే విని తల ఊపుతుంటాం. వేలాది ట్రాన్సిస్టర్లను చిన్న సిలికాన్ ముక్కపై అమర్చే విద్య అది. దానిని తరగతి గదిలోకి తెచ్చినవారిలో ముఖ్యురాలు అమెరికాకు చెందిన ప్రొఫెసర్ లిన్ కాన్వే. ఆమె సర్వీసు కథ పెన్షనరులమైన మనం తెలుసుకోదగినది.

1938లో న్యూయార్కు రాష్ట్రంలో జన్మించిన కాన్వే, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి 1964లో ఐ.బి.ఎం.లో చేరారు. అతివేగ కంప్యూటరు రూపొందించే బృందంలో ఉండగా 1965లో ఒక కొత్త పద్ధతి కనిపెట్టారు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, మొదటి ఫైలు వేరే సెక్షను రిపోర్టు కోసం ఆగిపోతే గుమాస్తా చేతులు ముడుచుకు కూర్చోడు. వెనుకనున్న వాటిలో సిద్ధంగా ఉన్నవి పూర్తిచేస్తాడు. (కూర్చునేవారూ ఉన్నారనుకోండి!) కంప్యూటరు కూడా తన ఆదేశాలను అలాగే ఎంచుకొని, ఒకేసారి ఒకటికి మించి నడిపే ఏర్పాటు అది.

పుట్టినప్పుడు మగపిల్లవాడిగా నమోదైన ఆమె, స్త్రీగా మారేందుకు వైద్యం చేయించుకుంటున్నానని చెప్పగా, 1968లో కంపెనీ ఉద్యోగం నుండి తొలగించింది. కన్నబిడ్డలు కూడా దూరమయ్యారు. చేసిన పని చెప్పుకొనే వీలు లేదు. చెబితే పాత పేరు బయటపడుతుంది. కొత్త పేరుతో కాంట్రాక్టు ప్రోగ్రామరుగా మళ్ళీ మొదటి మెట్టు నుండి ప్రారంభించారు.

1973లో జిరాక్స్ వారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో చేరారు. అప్పట్లో చిప్పు డిజైను కంపెనీల లోపలి నిపుణులకే తెలిసిన గుట్టు. కాల్‌టెక్ ప్రొఫెసర్ కార్వర్ మీడ్‌తో కలిసి ఆమె ఆ చిక్కు నిబంధనలను కొద్దిపాటి సులభ సూత్రాలకు కుదించారు. గీతల వెడల్పును మైక్రాన్లలో కాక ‘లాంబ్డా’ అనే కొలతలో చెప్పారు. తయారీ సూక్ష్మమయ్యేకొద్దీ లాంబ్డా విలువ తగ్గిస్తే చాలు, పాత డిజైనునే వాడుకోవచ్చు. 1978లో ఎం.ఐ.టి.లో ఈ పాఠం చెప్పి, విద్యార్థుల డిజైన్లను కంప్యూటర్ నెట్‌వర్కు ద్వారా కాలిఫోర్నియాకు పంపించారు. అన్నింటినీ కలిపి ఒకేసారి తయారు చేయించడంతో, ఎవరి చిప్పు వారికి కొద్ది వారాల్లోనే చేతికొచ్చింది!

1985లో మిచిగన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా చేరి 1998లో పదవీ విరమణ చేశారు. ఆ దరిదాపుల్లోనే ఐ.బి.ఎం. పాత ప్రాజెక్టు చరిత్రను పరిశోధకులు వెలికితీయసాగారు. తాను భద్రంగా దాచుకున్న నాటి కాగితాలతో సహా కాన్వే తన కథ బయటపెట్టారు. 2020 అక్టోబరులో, అంటే 52 సంవత్సరాల తర్వాత, ఐ.బి.ఎం. ఆమెకు క్షమాపణ చెప్పి జీవితకాల పురస్కారం ఇచ్చింది. అప్పటికామె వయస్సు 82. 2024 జూన్ 9న కన్నుమూశారు.